మామ్మ పక్కచూపులు

మా చిన్నప్పుడు ఓ రోజు అమ్మ నన్ను వంటింట్లోకి లాగి చెవిలో చెప్పింది... "మీ మామ్మ ఎదురుగా నిలబడి నాలిక బయటపెట్టవే. కనబడుతోందో లేదో చూసి నాకు చెప్పు."

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. నరసాపురం దగ్గర పల్లెటూరు మాది. మామ్మంటే నాన్న వాళ్ళ అమ్మ. మనుషుల మొహాలు తెలియడం లేదని కొన్నాళ్ళుగా ఒకటే గోల. అమ్మ నమ్మితేగా! "మూల నుంచి దూరే పిల్లి కనబడుతుందిట, ఎదురుగా నిలబడ్డ కోడలి మొహం కనబడదుట! ఎక్కడైనా ఉందా చోద్యం?" అనేది.

పైగా మామ్మ ఎవరితో మాట్లాడినా మొహం తిప్పేసి పక్కచూపు చూసేది. అది పొగరని అమ్మకి ఒళ్ళు మండిపోయేది. నాన్నేమో రాజమండ్రి తీసుకెళ్ళి కంటి డాక్టరుకి చూపిద్దామని ప్రయాణం పెట్టుకున్నారు.

సరే, వసారాలోకి వెళ్ళి మామ్మ ముందు నిలబడ్డాను. మూరెడు నాలిక బయటపెట్టాను... మామ్మ నవ్వుతూ "ఎవరమ్మా? సుజాతా?" అంది. సుజాత పక్కింటి అమ్మాయి.

కనబడలేదని నాకు తెలిసిపోయింది. కానీ వంటింట్లో అమ్మ ఆశగా ఎదురుచూస్తోంది. ఏం చెబితే సంతోషిస్తుందో కూడా నాకు తెలుసు. "కనబడుతోందమ్మా... నన్ను తిట్టింది కూడా" అన్నాను.

అంతే, ప్రయాణం ఆగిపోయింది. మామ్మ ఇంకో ఆరేళ్ళు బతికింది, నటిస్తోందన్న పేరుతోనే. కొన్నాళ్ళకి చెప్పడమే మానేసింది పాపం...

పోయినేడు అమ్మకి గుమ్మాలు వంకరగా కనబడటం మొదలైంది. డాక్టరు పరీక్ష చేసి, వయసుతో కంటిలోపలి తెర మధ్యలో దెబ్బతిందన్నారు. చుట్టుపక్కలవి కనబడతాయట, సూటిగా చూసేదే పోతుందట. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి కంట్లో ఇంజెక్షన్లు. "మొహం కాస్త పక్కకి తిప్పి చూడండమ్మా, నేను కనబడతాను" అన్నారు.

అమ్మ తిప్పింది. అచ్చం మామ్మే...

ఇంటికొచ్చాక అమ్మ నెమ్మదిగా అంది, "మీ మామ్మకి అప్పటికింకా కనబడేదిలే. నువ్వే చెప్పావుగా, తిట్టిందని..."

"అవునమ్మా" అన్నాను. రెండోసారి.

ఇప్పుడు ఊరూరా కంటి డాక్టర్లున్నారు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గీతలు వంకరగా ఉన్నాయన్నా, మొహాలు తెలియడం లేదన్నా దయచేసి నమ్మండి, వెంటనే చూపించండి. మీరు నమ్మకుండా వదిలేసిన మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి... నేనొక్కదాన్నే కాదని అనుకుంటాను.

అమ్మకి ఇప్పుడు ఫోన్లో అక్షరాలు ఆనవు. అందరి పోస్టులూ రోజూ నేనే చదివి వినిపిస్తాను. ఇది మటుకు చదవను.