ఫ్రేము అడుగున ఎవరి చెయ్యి

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. మా ఇంట్లో వాళ్లకు తెలుసు, కంపెనీలో నాతో పనిచేసేవాళ్లకు తెలుసు. మీకూ ముందే చెబుతున్నాను. దానికి మా బావ వేసినంత మేత ఇంకెవరూ వేయలేదు.

బావంటే మా మేనమామ కొడుకు, నాకంటే రెండేళ్లు పెద్ద. మామకు మర్రిగూడలో సైకిల్ కొట్టు ఉండేది. పంక్చర్లతో తృప్తిపడే మనిషి కాదాయన. పైపులు కోసి, ఇత్తడితో అతికి, బరువులు మోసే సైకిళ్లకు ఫ్రేములు తనే చేసేవాడు. పాలక్యాన్లు మోసేవాళ్లు, గడ్డి మోపులు మోసేవాళ్లు వెతుక్కుంటూ వచ్చి చేయించుకునేవారు. చదువు అబ్బక నేనూ బావా ఆయన దగ్గరే పనిలో కుదిరాం.

అప్పటికే మా ఊరి ఫ్లోరైడు నీళ్లు మామ ఎముకల్లో చేరాయి. మెడ ఎడమవైపు తిరిగేది కాదు, నడుమూ మోకాళ్లూ వంగేవి కావు. ఫ్రేమును దూలానికి తాడుతో వేలాడదీయించి, నిలబడే అతికేవాడు. అతుకుల మీద గడ్డకట్టిన ఇత్తడిని ఆకురాయితో నున్నగా రుద్దడం మా ఇద్దరి పని.

ఒకరోజు నలుగురు గిరాకీలు ఉండగా మామ వేలాడుతున్న ఫ్రేము కిందికి అరచెయ్యి పోనిచ్చి, ఒక్కో అతుకూ తడుముతూ పోయాడు. వంగి చూడలేడు కదా, చూపంతా వేళ్లలోనే. చివరికి, "గీ చెయ్యికి వంక పెట్టెటోడు లేడు," అన్నాడు. ఎవరి చెయ్యో చెప్పలేదు. ఆ ఫ్రేము అడుగు నేను రుద్దలేదు. ఇక మిగిలింది బావే. ఆ పూట నేను కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మామ మెచ్చుకోలు అంత తేలిగ్గా దొరికేది కాదు. నా పని చూసి "ఊఁ" అనేవాడు, అంతే. ఆ ఏడాదే నేను కొట్టు వదిలి చౌటుప్పల్లో మందుల కంపెనీలో ఫిట్టరుగా చేరాను. జీతం కోసమని అందరికీ చెప్పాను. నిజానికి నన్ను తరిమింది ఆ ఒక్క మాట. తెలంగాణ వచ్చిన కొత్తలో మామ కొట్టు మూసేశాడు. ఊళ్లో ఇంటింటికీ నల్లా నీళ్లు వచ్చేసరికి ఆయన లేడు.

పోయినేడు చౌటుప్పల్లో పాత ఇనుప సామాను కొట్టు ముందు ఒక ఫ్రేము కనిపించింది. రంగు పూర్తిగా పోయింది. కంపెనీ బండికైతే ముందువైపు బిళ్ల ఉంటుంది. బిళ్ల ఊడినా దాని రంధ్రాలు ఉంటాయి, సీటు కింద నంబరు ఉంటుంది. దీనికి ఏవీ లేవు, ఉండి చెరిగిపోయిన జాడ కూడా లేదు. అంటే ఎవరో చేత్తో చేసిందే. కొని ఇంటికి తెచ్చి కిరోసిన్‌తో కడిగాను. ఇంట్లో ఉన్న సైకిలే తొక్కనివాడికి ఈ ఎముకల గూడెందుకని మా ఆవిడ వెక్కిరించింది.

కడిగాక తెలిసింది. కుడివైపు ఇత్తడి సాఫుగా పారింది. ఎడమవైపు అతుకుల్లో మాత్రం ఎంత రుద్దినా పోనంతగా పక్కకు ఉబికి ఉంది, చేసినవాడికి ఆ పక్క సరిగ్గా కనబడనట్టు. మెడ తిరగని మనిషి చేసిన పని అది. మామే అనుకుని మురిసిపోయాను. ఆ మురిపెం ఫ్రేమును తిరగేసేదాకానే. అడుగువైపు అద్దంలా నున్నగా ఉంది. బావ చెయ్యే. పాత మంట మళ్లీ రాజుకుంది.

బావకు ఇప్పుడు జడ్చర్లలో రోడ్డు పక్కనే టైర్ల షాపు, వెనకాల ఇల్లు. మామ పోయాక అత్త కూడా అక్కడే ఉంటుంది. సెలవు పెట్టి ఫ్రేమును బస్సులో వేసుకుని బయల్దేరాను. ఆ అడుగు రుద్దింది తనేనని అతని నోట ఒకసారి వింటే పీడ పోతుందని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అతని ముందే అందులో ఒక్క వంకైనా పట్టి చూపించాలనే వెళ్లాను.

బావ దాన్ని తలకిందులు చేసి బొటనవేలితో తడిమాడు. ముఖం ముడుచుకుంది.

"గిది మా బాపు చేసిందే. అడుగు రుద్దింది నువ్వే. నీ చెయ్యి సూపెట్టనీకి ఇంత దూరం మోసుకొచ్చినవా?"

నాది కాదు, నీదే కదా అన్నాను.

"నాదైతే గీ టైర్ల కాడ ఎందుకు కూసుంట?" అన్నాడు.

ఆ రోజు మామ మెచ్చింది నన్నేనని అనుకున్నాడట. నేను వెళ్లిపోయాక కూడా ఆకురాయి పట్టబుద్ధి కాలేదట. ఇన్నేళ్లూ నేను అతన్ని చూసి కుళ్లుకున్నాను, అతను నన్ను చూసి కుళ్లుకున్నాడు.

ఫ్రేమును ఎండలోకి తెచ్చి, ఆకురాయి వదిలిన సన్నటి గీతలు ఇద్దరం చూశాం. నాది కుడిచేతి వాటం, బావది ఎడమచేతి వాటం. నిలబడి రుద్దితే మా గీతలు చెరో వైపు వాలుతాయి. ఇవి ఎటూ వాలలేదు. పొట్టిగా, అడ్డంగా ఉన్నాయి. వేలాడే ఫ్రేము కింద నేల మీద కూర్చుని, చేతులు పైకెత్తి రుద్దితే తప్ప అట్లా పడవు. కింద ఎవరు కూర్చునేవాళ్లు?

బావ ఇంటివైపు చూశాడు. మధ్యాహ్నం మాకు సద్ది తెచ్చేది మా అత్త. మేం కొట్టు వెనక నీడలో తింటుంటే ఆమె ఫ్రేము కింద గోనెపట్టా వేసుకుని కూర్చునేది. మసి తుడుస్తుందనుకునేవాళ్లం. ఏం చేస్తున్నావని ఒక్కనాడూ అడగలేదు.

పిలిస్తే, అనపకాయలు ఒలుస్తున్నదల్లా లేచి వచ్చింది. చీర కొంగుకు చేతులు తుడుచుకుని, చూడకుండానే ఫ్రేము అడుగు తడిమింది. మూడో అతుకు దగ్గర చెయ్యి ఆగింది.

"గీడ ఇనుము జరంత ఎక్కువ అరిగింది," అంది. "మీ మామ వంగలేకపాయె. మీరు తినే వరకు నేను రుద్దుతుంటి."

ఇన్నేళ్లూ మేము దాచుకున్న మాటను బావ ఆమెకు చెప్పాడు. ఆమె నా వైపు తిరిగింది.

"గట్లన్నడా? నలుగురి ముందల?"

అవునన్నాను.

"నాతోనైతే ఎన్నడు అనలే అల్లుడా," అంది.

ఏ పూట అన్నాడు, ఎవరెవరున్నారు, అనేటప్పుడు ముఖం ఎట్లా పెట్టాడు, అన్నీ అడిగింది. అన్నీ చెప్పగలిగాను. కుళ్లుకున్నవాడికి గుర్తున్నంత బాగా ఇంకెవరికీ గుర్తుండదు. ఫ్రేమును ఇక్కడే ఉంచి పొమ్మంది. ఉంచాను. బావ గుండెల మీంచి బరువు దిగినట్టు నవ్వుతూ, కోడి కోస్తాం ఉండమన్నాడు. డ్యూటీ ఉందని అబద్ధం చెప్పి బస్సెక్కాను.

మామ నన్నూ మెచ్చలేదు, బావనూ మెచ్చలేదు. ఇక ఎవరినీ తిట్టుకోవడానికి లేదు. అయినా కడుపులో మంట ఆరదే. అరవై దాటిన మా అత్తను చూసి కుళ్లుకుంటున్నానని దారి మధ్యలో తెలిసి సిగ్గేసింది. సిగ్గయితే వేసింది గాని, కుళ్లు మాత్రం తగ్గలేదు.