అప్ప మొక్కకి నీళ్ళు పోయకండి

నేను అక్క వరస కలిపి పిలిచే మా పక్కింటి అప్ప పోయిందని వాళ్ళమ్మాయి పొద్దున్నే ఫోన్ చేసింది. రాత్రి పడుకున్న మనిషి మరి లేవలేదు. విశాఖ మల్కాపురంలో మా వీధి వీధంతా పరిగెత్తాం, ఏడ్చాం. ఆ ఏడుపు ఇంకా తీరలేదు గానీ, ఇవాళ ఇది రాస్తున్నది మాత్రం ఒళ్ళు మండి.

అప్పకి డాబా మీద డైసీ పొదలుండేవి. పసుపు పువ్వులు, చామంతికి చుట్టాల్లా ఉంటాయి. పూర్ణా మార్కెట్ దగ్గర తోపుడుబండి మీద కొని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. వాటికి రోజంతా ఎండ కావాలి. పక్కన అపార్ట్‌మెంటు లేచాక డాబా సగం నీడైపోయింది. ఇక అప్ప అవస్థ చూడాలి! పొద్దున్న కుండీలన్నీ ఈ చివర, మధ్యాహ్నం ఆ చివర. మోకాళ్ళ నొప్పులతోనే ఈడ్చేది. "క్రోటన్లు పెంచుకో అప్పా, నీడలో ఉంటాయి" అని నేను విసుక్కుంటే, "రంగు ఆకులు సూసుకుంటా కూకోడానికి నానేటి ఆఫీసు మేనేజర్నేటే?" అనేది.

మా దగ్గర పోర్టు వైపు గాలికి నల్లటి బొగ్గు నుసి వస్తుంది. కిటికీలు మూసినా కంచాల మీద వాలుతుంది. అది ఆకుల మీద పేరుకుంటే ఎండ అందదని, అప్ప పాత చీరముక్క తడిపి ఒక్కో ఆకూ తుడిచేది. ఆ గుడ్డ ఉతికి తీగ మీద ఆరేసేది. ఎంత ఉతికినా నలుపు పోయేది కాదు. నీళ్ళ దగ్గర మాత్రం మహా పిసినారి. మట్టిలో వేలు గుచ్చి, పొడిగా ఉంటేనే పోసేది. పూత తగ్గగానే కొమ్మలు కత్తిరించేసేది. నేను అయ్యో అంటే, "జుత్తు కత్తిరిత్తే పిల్ల సచ్చిపోతాదేటి?" అని నవ్వేది.

అలాంటి మొక్కల్ని ఏం చేశారో వినండి. అప్ప ఫోటో పక్కన అందంగా ఉంటాయని కుండీలన్నీ కిందికి దించి షామియానా నీడలో పెట్టారు. పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళూ వెళ్తూ వెళ్తూ కాళ్ళు కడుక్కుని, చెంబులో మిగిలిన నీళ్ళు "అప్ప పెంచిన మొక్క" అంటూ వాటికే పోశారు. మా ఆయన కూడా. ఆకులు పండిపోయాయి, మొదళ్ళు మెత్తబడ్డాయి. పోయొద్దంటే నన్నో రాతిమనిషిని చూసినట్టు చూశారు. పైకి తీసుకెళ్తానంటే, పెద్దకర్మ అయ్యేదాకా ఫోటో దగ్గర్నుంచి కదపకూడదన్నారు. ఏ శాస్త్రంలో ఉందో ఎవరూ చెప్పలేదు. ఒక్కో మొక్కా వాలిపోతుంటే కోపంతో నాకు అన్నం సయించలేదు. అందరికీ అప్ప మీద ప్రేమే, అప్ప చేసిన పని మాత్రం ఎవరికీ పట్టలేదు.

పెద్దకర్మ నాటికి ఒక్కటే మిగిలింది. షామియానా విప్పుతుండగానే దాన్ని డాబా మీదికి మోసుకుపోయి కత్తెర తీశాను. వెనకాలే వచ్చిన వాళ్ళమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"ఒద్దు పిన్నీ! అమ్మ సేతి మొక్క. కత్తెర పెట్టకు."

"పెట్టకపోతే ఇదీ పోతాదే! మీ అమ్మయితే ఈపాటికి గుండు గీసేసేది."

ఏడుస్తూనే దానికి నవ్వొచ్చింది. చెయ్యి వదిలింది. కుళ్ళిన కొమ్మలన్నీ తీసేసి, పొడిమట్టి పోశాను. కొసన కాసిని ఆకులున్న మోడు మిగిలింది. బతుకుతుందో లేదో తెలీదు.

నిన్న మధ్యాహ్నం బట్టలు తీద్దామని మా డాబా ఎక్కాను. అప్ప వాళ్ళ డాబా మీద కుండీ ఆ చివరికి, ఎండలోకి జరిగి ఉంది. నేను జరపలేదు. తీగ మీద పాత చీరముక్క ఆరుతోంది, ఉతికినా పోని నలుపుతో.