ఫ్యూజు బావ చెప్పిన నిజం

కార్లకు కరెంటు పనులు చేసే అతనికి ఫ్యూజు అనే పేరు ఎవరు పెట్టారో ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఎందుకు పెట్టారో మాత్రం అందరికీ తెలుసు. హారన్ మోగకపోయినా, వైపర్ ఆడకపోయినా, ఆఖరికి టైరులో గాలి దిగినా అతని నోట ముందు వచ్చే మాట ఒకటే, "ఫ్యూజు పోయుంటుంది".

కారు తలుపు బార్లా తెరిస్తే నిండిపోయేంత కొట్టు అతనిది. గోడల నిండా మేకులు, మేకుల నిండా వైరు చుట్టలు. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, దాని పక్కన ఎప్పుడూ చల్లారిపోయి ఉండే టీ. టీ చల్లారేది పనివల్ల కాదు, కబుర్లవల్ల. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడని ఎవరైనా అంటే ఒప్పుకోడు. "కరెంటు గురించి నేనడిగిన ప్రశ్నకి సైన్సు మాస్టారు మూడ్రోజులు సెలవు పెట్టాడు. పెద్దాయన్ని ఏడిపించడం ఎందుకని నేనే తప్పుకున్నా" అంటాడు. గాల్లో ఆగిపోయిన విమానాన్ని ఫోనులోనే రిపేరు చేసి దింపించాడు. టార్చిలైటు సెల్లులతో లారీ స్టార్టు చేశాడు. ఆ లారీ కథలో సెల్లులు మొదట్లో ఆరు. పెళ్లయ్యేనాటికి నాలుగయ్యాయి. ఈమధ్య ఒక్కదానికి దిగాయి. ఇలాంటివి చెప్పేటప్పుడల్లా ఎడమ కనుబొమ్మ పైకి లేచేది. కోతలని వినేవాళ్లకి తెలుసు, కోసేవాడికీ తెలుసు. అయినా బళ్లు తెచ్చేవారు. చేతిలో పని ఉంది మరి.

అందరికంటే ఎక్కువగా నోరు తెరుచుకుని వినేవాడు బావమరిది, అంటే భార్య తమ్ముడు. వాడిదో పాతకారు. పొద్దున్నే ఫ్యాక్టరీ ఇంజనీర్లను ఇళ్ల దగ్గర ఎక్కించుకుని గేటు దగ్గర దింపాలి, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చాలి. ఆ కాంట్రాక్టే వాడి సంసారం.

"బావా, మీటరు మసకేసిపోయింది. స్పీడు ముల్లు ఎక్కడుందో చూడాలంటే అగ్గిపుల్ల గియ్యాలి" అన్నాడొక రోజు.

"అగ్గిపుల్లెందుకురా, చంద్రుణ్ణే పట్టుకొచ్చి బిగిస్తా. బండి ఇక్కడ పెట్టి పో."

చంద్రుడు చవకలోనే దొరికాడు. గుప్పెడు ఎల్‌ఈడీ బల్బులు కవరులో పోసి అమ్మే రకం. ఫ్యూజు స్టీరింగు ముందున్న మూత తీశాడు, నాలుగు స్క్రూలు విప్పాడు, వెనక స్పీడు కేబులు ఊడదీసి మీటరును ఒళ్లో పెట్టుకున్నాడు. పాత బల్బులన్నీ పొట్టలు నల్లబడి ఉన్నాయి. ఒక్కోదాన్ని పావు మలుపు తిప్పి పీకి, ఎదురుగా కాలవలోకి విసిరాడు. ఎల్‌ఈడీకి ఒక తిక్క ఉంది. పాత బల్బును ఎటు పెట్టినా వెలుగుతుంది, ఇది ఒకవైపు పెడితేనే వెలుగుతుంది. లైట్ల స్విచ్చి వేసి చూసి, వెలగని రెండింటినీ తిప్పి పెట్టాడు. మీటరంతా నీలంగా మెరిసిపోయింది. బావమరిది వచ్చి, ముఖం దగ్గరగా పెట్టి చూసుకున్నాడు.

తర్వాత తాళం తిప్పాడు. "బావా, బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగి ఆరేది కదా? వెలగట్లేదేంటి?"

మీటరు అప్పటికే బిగించేశాడు. మళ్లీ నాలుగు స్క్రూలు విప్పాలి. ఫ్యూజు కనుబొమ్మ లేచింది. "ఎర్రదీపమంటే జబ్బురా. జబ్బే లేని బండికి అదెందుకు వెలుగుతుంది?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

మూడోవారం ఇంజనీర్లు లోపలుండగానే కారు సిగ్నలు దగ్గర ఆగిపోయింది. బ్యాటరీలో చుక్క ప్రాణం లేదు. కొత్త బ్యాటరీ వేశారు. అదీ పడుకుంది. విచిత్రమేమిటంటే పెద్దరోడ్డు మీద గట్టిగా తొక్కితే బాగానే ఉండేది, ఊళ్లో నెమ్మదిగా నడిపితే చచ్చేది. ఫ్యూజు వైర్లన్నీ తడిమాడు, ఫ్యూజులన్నీ మార్చాడు. బండి బానెట్ తెరిచి చెవి పెట్టి విన్నాడు కూడా. మూడోసారి ఆగినప్పుడు ఇంజనీర్లు ఆటోల్లో వెళ్లారు. మర్నాటి నుంచి ఫ్యాక్టరీకి వేరే కారు వచ్చింది.

"దీని ఆయుష్షు తీరిపోయిందిరా" అని చెప్పింది ఫ్యూజే. బావ మాట కాదనే అలవాటు వాడికి లేదు. కారును తుక్కుకి ఇచ్చేశాడు. ఇప్పుడు ఓ పెద్ద బజారు కింద పార్కింగులో విజిల్ ఊదుతూ, ఎవరెవరి కార్లనో వెనక్కి రమ్మంటూ నిలబడతాడు.

రెండు నెలలకు ఫ్యూజు దగ్గర బల్బులు మార్పించుకున్న ఇంకో టాక్సీ ఆగిపోయింది. డ్రైవరు తిట్టిన తిట్లకు తట్టుకోలేక, ఆల్టర్నేటర్లకు తీగ చుట్టే వైండింగు తాత దగ్గరకు తోసుకెళ్లారు. బ్యాటరీ నింపే యంత్రం అదే కాబట్టి. తాత దాన్ని విప్పనైనా విప్పలేదు.

"బ్యాటరీ దీపం కూడా మార్చావా, కొంపదీసి?"

"అన్నీ మార్చా తాతా."

"ఓరి నీ తెలివి తెల్లారా! ఆ దీపంలోంచి వచ్చే కరెంటుతోనేరా ఇది నిద్రలేచేది. అక్కడ పాతబల్బే ఉండాలి. నువ్వు పెట్టిన దాంట్లోంచి అంత పారదు. తిరగేసి పెడితే అసలే పారదు. ఇంజనుని గట్టిగా తొక్కితే ఎప్పుడో ఒళ్లు విరుచుకుని లేస్తుంది, లేకపోతే లేదు." తాత డబ్బాలోంచి పొట్ట నల్లబడిన బల్బొకటి తీసి పెట్టాడు. టాక్సీ బతికింది.

ఫ్యూజు పీకిన ఎల్‌ఈడీని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. తుక్కుకిచ్చేనాటికి బావమరిది కారు కూడా బతికే ఉంది. ఆయుష్షు తీరి ఆగలేదది.

ఆ ఆదివారమే బావమరిది కబురంపాడు. ఫ్యూజు భార్యను తీసుకుని వెళ్లాడు. ముందుగదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. గోడ మీద, గడియారం ఉండాల్సిన చోట, ఆ కారు మీటరు నీలంగా వెలుగుతోంది.

"తుక్కువాణ్ణి బతిమాలి తెచ్చుకున్నా. పిల్లది ఈ వెలుతురుంటేనే పడుకుంటుంది. వైర్లన్నీ నేనే కలిపా బావా, నీ శిష్యుణ్ణి కదా! కానీ ఈ ఎర్రదొక్కటీ వెలగట్లేదు. కాస్త చూడు."

ఫ్యూజు మీటరు దించి ఆ బల్బు పీకాడు. తిరగేసే ఉంది. సరిగా తిప్పి పెట్టాడు. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది.

"అదీ బావంటే! చెయ్యి పెడితే చాలు!"

"ఒరేయ్, నీ కారుకేం కాలేదురా" అన్నాడు ఫ్యూజు. "బాగున్న కారుని నేనే చంపా. ఈ ఒక్క బల్బుతో. దీంట్లోంచి కరెంటు పోతేనే ఆల్టర్నేటర్ లేస్తుందట. నాకు తెలియలేదు. తెలియకుండానే తుక్కుకి ఇచ్చెయ్యమన్నా."

బావమరిది తన భార్యవైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ ఒక్కసారే ఘొల్లుమన్నారు.

"ఇంత బల్బు అంత కారుని చంపిందా! లారీ కథని మించిపోయింది బావా!"

"అన్నయ్యా, విమానానికి కూడా ఇదే పెట్టారా ఏంటి?" అంది ఆమె.

"నవ్వకండి. ఒట్టు, నిజం."

"లారీకి కూడా ఒట్టేశావు" అన్నాడు వాడు కళ్లు తుడుచుకుంటూ. "నన్ను నవ్వించాలని ఎంత కష్టపడుతున్నావు బావా! కారు ముసలిదై పోయింది, అంతే. నువ్వు మనసులో పెట్టుకోకు." గోడ మేకుకున్న విజిల్ తీసి మెళ్లో వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో ఫ్యూజు భార్య అతని ముఖంలోకి చూసింది.

"మీ కనుబొమ్మ లేవలేదు" అంది.

"వాడికి నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాడు."

"నమ్మితే?" అంది ఆమె. "కారు తిరిగొస్తుందా? ఇప్పుడు వాడికి బావైనా ఉన్నాడు."

మర్నాడు ఫ్యూజు షట్టరు ఎత్తేసరికి నలుగురు డ్రైవర్లు కాచుకుని ఉన్నారు. పార్కింగులో బావమరిది అందరికీ చెప్పేశాడు.

"ఒక్క బల్బుతో కారుని చంపావటగా! చెప్పు, మొదట్నుంచి చెప్పు."

చెప్పాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు. పడీ పడీ నవ్వారు. రోజూ ఎవరో ఒకరు వచ్చి అదే చెప్పమంటున్నారు. లారీ కథ ఇప్పుడెవరూ అడగరు. అడిగినప్పుడల్లా అతను టీ పక్కన పెట్టి, ఏ ముక్కా కలపకుండా, ఏ ముక్కా మింగకుండా చెబుతాడు. సెల్లుల్లాగా ఇందులో లెక్క తగ్గదు. ఎప్పుడు చెప్పినా బల్బు ఒక్కటే.