కంపు పురుగు, నా రెండు బ్రాకెట్లు

ఆ రోజుల్లో నాకు ఒకటే పిచ్చి: ఏదో ఒకదాని పక్కన నా పేరు శాశ్వతంగా అచ్చులో పడాలి. దేని పక్కన అన్నది పెద్దగా ఆలోచించలేదు, అందుకే దేవుడు నాకు కంపు పురుగును చూపించాడు. యానాం నుంచి పుదుచ్చేరికి పరిశోధనకని వచ్చి, ఉప్పళంలో ఒక అవ్వగారి మేడ మీద గదిలో దిగాను. డిగ్రీలో చదివింది మొక్కలు, చేరింది పురుగుల్లో (మొక్కల్లో సీటు రాలేదు, అంతకు మించి కథేమీ లేదు).

పురుగులకూ మనలాగే ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఆ వెనకాల మొదట పేరు పెట్టినవాడి పేరు. బాహూరు వరిచేలలో దొరికే ఒక కంపు పురుగుకు, ఎప్పుడో కాలం చేసిన దొర ఒకాయన తప్పు ఇంటిపేరు తగిలించాడని నా అనుమానం. ఈ పురుగుల రొమ్ము కింద కంపు బయటికి వచ్చే సన్నటి కాలువ ఉంటుంది. ఆ ఇంటి పురుగులన్నిటికీ అది పొడవు, దీనికి పొట్టి. ఆ పొట్టి కాలువ కోసం నా యవ్వనమంతా మైక్రోస్కోపు కింద పెట్టాను. చొక్కాలు ఎన్ని ఉతుకులు ఉతికినా వాసన పోయేది కాదు. బాహూరు బస్సు ఎంత కిటకిటలాడినా నా పక్క సీటు ఖాళీగానే ఉండేది.

ఒక సాయంత్రం నా గదిలో పురుగుల డబ్బా మూత ఊడి అవన్నీ కింద అవ్వ వంటింట్లో దీపం దగ్గరికి చేరాయి. అవ్వవాళ్లు తరతరాలుగా ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్లు. మాట తెలుగే గానీ అవ్వకు ఏ భాషలోనూ అక్షరం రాదు. నన్ను పిలిచి గిన్నె చూపించింది.

"ఏంది నాయనా, పూచ్చులు నా చారులో ఈదతా ఉండాయి. నువ్వో, అవో, ఎవురో ఒకరు పోవాల."

కాళ్లా వేళ్లా పడ్డాను. దీనికి ఇంటిపేరు మారిస్తే లోకంలోని పుస్తకాలన్నిటిలో దాని పక్కన నా పేరే ఉంటుందని, ఆ ఘనతలో ఆమె ఇంటికీ వాటా ఉందని చెప్పాను. అవ్వ మెత్తబడింది. మెత్తబడి ఊరుకుందా, మర్నాటికి వీధంతా చెప్పేసింది. ఆనాటి నుంచి నేను పూచ్చి తంబీని, అంటే అరవంలో పురుగుల తమ్ముణ్ణి. పాలవాడి దగ్గర్నుంచి ఇస్త్రీ బండి ఆయన దాకా, పేరు వచ్చిందా అని అడగనివాడు లేడు.

చివరికి వ్యాసం అచ్చయింది. రచయితగా పైన నా పేరుంది, కాదనను. కానీ పురుగు పేరు పక్కన లేదు! దొరగారి పేరే ఉంది, అటూ ఇటూ బ్రాకెట్లతో. ప్రెస్సువాళ్ల పొరపాటనుకుని మా గైడుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన కళ్లద్దాలు తీసి నన్ను జాలిగా చూశారు.

"ఇంటిపేరు మారితే పాతాయన పేరుకు బ్రాకెట్లు పెడతారయ్యా. మార్చినవాడి పేరు కూడా రాయడం మొక్కలవాళ్ల మర్యాద. మన పురుగుల్లో ఆ ఆనవాయితీ లేదు."

మెట్ల మీద కూలబడ్డాను. నిజంగానే ఏడుపొచ్చింది. అన్నేళ్ల కంపుకు ఫలితం రెండు వంకర గీతలు.

ఇంటికెళ్లేసరికి అవ్వ గుమ్మంలోనే ఉంది. కాగితం లాక్కుని, "పూచ్చి పక్కన యాడుంది నీ పేరు?" అంది. దొర పేరు చూపించి ఇదే నాదంటే నమ్మేస్తుంది. వేలు అంతదాకా వెళ్లింది కూడా. నోరు రాలేదు. బ్రాకెట్లు చూపించి, ఈ రెండే నావి అవ్వా అన్నాను. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వి ఉంటే బాగుండేది. కాసేపు వాటినే చూసి, "పోనీలే నాయనా, వచ్చి అన్నం తిను" అంది. వీధిలో మాత్రం పేరు వచ్చిందనే చెప్పింది.

మొన్నీమధ్య ఒక అమ్మాయి రాసిన వ్యాసం అభిప్రాయం కోసం నా దగ్గరికే వచ్చింది. డీఎన్‌ఏ పరీక్షల ప్రకారం ఆ పురుగు పాత ఇంటిదేనట, దొర పెట్టిన ఇంటిపేరే సరైనదట. పాత ఇంటికి తిరిగి వెళ్తే బ్రాకెట్లు తీసేయాలి, అదీ నియమమే. ఎక్కడైనా తప్పు దొరకకపోతుందా అని ఆశగా వెతికాను. దొరకలేదు. అచ్చు వేయవచ్చు అని రాసి పంపేశాను.

నా రాతల్లో బ్రాకెట్లు మరీ ఎక్కువని స్నేహితులు విసుక్కుంటారు. ఇక్కడైనా ఉండనివ్వండి, వీటిని తీసేసేవాడు లేడు. ఆ మేడ మీద కుర్రాడు గుర్తొస్తే ఇప్పటికీ జాలేస్తుంది, నవ్వూ వస్తుంది. వెళ్లి ఇదంతా ముందే చెప్పాలనిపిస్తుంది (చెప్పినా తలెత్తడు, మైక్రోస్కోపులో ఆ పొట్టి కాలువే చూస్తుంటాడు).