సబ్జెక్టు దొరికిన రోజు

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడ్డ రోజుల్లో, నర్సు కావాలని మా నాయినమ్మ రిబ్కమ్మ లక్షెట్టిపేట మిషను బడిలో ఇంగ్లీషు మొదలుపెట్టింది. పని చేసేవాడు సబ్జెక్టు, చేసిన పని ప్రెడికేటు అని చెప్పి, పంతులమ్మ ఆమెను ముందు తెలుగులో ఇంటాయన మీద వాక్యం చెప్పమంది.

"వచ్చిండు."

"ఎవరు?"

"గాయినే!"

మొగుని పేరు తెలుగులోనే పలకని మహాతల్లి, ఇంగ్లీషులో పలుకుతుందా? క్లాసంతా నవ్వింది.

"సబ్జెక్టు లేకుంటే పాసు కావమ్మా," అంది పంతులమ్మ.

ఇంట్లో తాత కూడా ఏడిపించాడు: "జర నా పేరు పలుకరాదే, అరిగిపోతనా?"

"నేను పలుక పో!"

ఆ వానాకాలం జ్వరంతో తాత పోయాడు. మళ్లీ బడికెళ్లిన రోజు, ఎవరూ అడగకముందే నాయినమ్మ లేచి నిలబడింది.

"సీమోను..." అంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పంతులమ్మ ప్రెడికేటు కోసం ఎదురుచూసింది. 'వచ్చిండు' అనడానికి నాయినమ్మకు నోరు రాలేదు.