గొర్రె మోకాలిలో మా అత్త చూసినది

మా అత్త పాపక్కకు గుట్ట ఎక్కనిదే పొద్దుపోదు. సూళగిరి అవతల మా పల్లెలో గొర్రెలను గుట్టకు తోలడంలో మగవాళ్లు కూడా ఆమె ముందు దిగదుడుపే. మోకాళ్లు వాచినా ఆ పొగరు తగ్గలేదు. మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొనడం, టీతో మింగడం, కర్ర పట్టుకుని బయల్దేరడం. ఆమె కోడలిని నేను, చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. వింటేగా!

చివరికి పోట్లాడి హోసూరు డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. కీలులో ఎముకల చివర ఉండే మృదులాస్థి అరిగిపోతోందన్నాడాయన. మాత్ర నొప్పినీ వాపునూ తగ్గిస్తుందే గాని అరిగినదాన్ని మళ్లీ పుట్టించదట. కొన్ని రకాలు ఏళ్ల తరబడి వాడితే అరుగుదల పెరుగుతుందేమోనన్న అనుమానం కూడా ఉందట. గుట్ట మాని చదునులో నడవకపోతే, ఉన్న నడక కూడా పోతుందని హెచ్చరించాడు. నొప్పి పోతే కాలు బాగైనట్టే గదా అని అత్త బస్సు దిగేదాకా గొణిగింది.

మందలో ఒక ముసలి గొర్రెకూ అదే వైద్యం చేసింది. కుంటే గొర్రెను దొడ్లో కట్టేసి ఆకు మేపడం మావాళ్ల పద్ధతి. కానీ నొప్పి సూది వేయించాక అది గంతులేస్తుంటే మురిసిపోయి గుట్టకు తోలింది. కుంటినప్పుడల్లా సూది, వెంటనే గుట్ట. ఏడాది తిరిగేసరికి అది లేవలేకపోయింది. గొర్రెలను కోసే మురుగన్‌ను పిలవక తప్పలేదు.

అతను దాన్ని కోసి మోకాలు విడదీయగానే అత్త ఆపమని చెయ్యి అడ్డం పెట్టింది. పక్కనే అతను అంతకుముందు కోసిన పడుచు పొట్టేలు కీలు ఉంది. దాని ఎముక చివర తెల్లగా, కడిగిన పింగాణీలా మెరుస్తోంది. వేలు పెడితే జారిపోయింది. ఇంత అందాన్ని తోలు కింద పెట్టుకుని తిరుగుతున్నామా! ముసలిదాని కీలులో ఆ తెలుపు గీసుకుపోయి ఎముక బయటపడింది.

ఆ తెల్లటి మృదులాస్థిలో నెత్తురూ నరమూ ఉండవనీ, అరుగుతున్నా దానికి నొప్పి తెలియదనీ, చుట్టూ ఉన్నవే నొస్తాయనీ డాక్టరు చెప్పిన మాట గుర్తుచేశాను. అత్త చాలాసేపు ఆ ఎముకనే నిమిరింది.

"దీనికి అరిచేకి గూడా రాదు గదా రేణూ. దీని కోసరం పక్కనుండేవి అరిస్తే, నేను వాటి నోరు మూసినాను."

మరునాడు మాత్ర వేసుకోకుండా మందను చదునుగా ఉండే చెరువు బయలు వైపు తోలింది. కాసేపటికే ఆగి మోకాలు పట్టుకుంది. మాత్ర తెచ్చేదా అని అడిగాను.

"వద్దులేమ్మా. ఇంక చాలని చెప్తా ఉంది. విననీ" అంది.

పొద్దు వాలకుండా ఏనాడూ ఇంటిదారి పట్టని మనిషి, మిట్టమధ్యాహ్నం మందను వెనక్కి మళ్లించింది.