చిటుకు రోగం పేజీకి కొత్త చిరునామా

రేణుకాదేవి ఉదయగిరి చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లో ముప్పయ్యొక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఆత్మకూరులో స్థిరపడ్డాక గొర్రెల జబ్బుల గురించి తెలుగులో ఒక బ్లాగు మొదలుపెట్టి, రాసిన పోస్టుల లింకులు కాపర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. చదవడం రానివాళ్లు ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకునేవారు.

ఆమెకు ఒక్కటే నచ్చేది కాదు. శీర్షిక తెలుగులో ఉంటే పోస్టు లింకు చిరునామాలో జబ్బు పేరు రాదు, వరస అంకె ఒకటి పడుతుంది. ఏ లింకు దేనిదో చూస్తే తెలియదు. తెలుగు అక్షరాలతో చిరునామా ఇచ్చి చూశారు, బ్లాగు తీసుకోలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, మాటల మధ్య ఖాళీ బదులు చిన్న గీత పెడితే తీసుకుంది. ప్రచురించాక చిరునామా మారదు కాబట్టి ఒక ఆదివారం కూర్చుని, పోస్టులన్నీ ఒక్కొక్కటే డ్రాఫ్టులోకి వెనక్కి తెచ్చి, ఇరవైమూడింటికీ చిరునామాలో పేర్లు మార్చి మళ్లీ ప్రచురించారు.

గురువారం పొద్దున కలువాయి దగ్గర్నుంచి వెంగయ్య ఫోన్ చేశాడు. నూట ఇరవై గొర్రెల మంద అతనిది.

"అమ్మా, చిటుకు రోగం పేజీ తెరుచుకోలా. లేదని వస్తా ఉండాది. మూడు గొర్రెపిల్లలు పోయినాయి."

"యాడ మేపినావు?"

"వానకి మొలిచిన పచ్చికలో."

"లేత పచ్చిక ఎక్కువ మేస్తేనే ఆ రోగం వచ్చి ఉన్నట్టుండి చస్తాయి. మిగతావాటిని అటు తోలబాకయ్యా. పశువుల డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చెయ్యి. ఈ ఏడు టీకా ఏయించినావా?"

"లేదమ్మా. ఆ పేజీలో ఎప్పుడు ఏయించాల్నో రాసినావని చూస్తా ఉంటి."

"పేజీ ఉండాది వెంగయ్యా. పేరు నేనే మార్చినాను. నీ దగ్గరుండేది పాత లింకు."

"మార్చేటప్పుడు మాకొక మాట చెప్పాల గదమ్మా."

చెప్పాల్సిందే. పాత చిరునామాలు ఎక్కడా రాసుకోనూ లేదు. గ్రూపులో రెండేళ్ల మెసేజీలు వెనక్కి జరుపుకుంటూ పోయి, ఒక్కో లింకూ నోటుబుక్కులో ఎక్కించారు. పాత దారిలో వచ్చినవాళ్లను కొత్త పేజీకి మళ్లించే వీలు బ్లాగు సెట్టింగుల్లో ఉంది. పాతది ఒక గడిలో, కొత్తది ఇంకో గడిలో అతికించారు. పనిచేయలేదు. రెండోసారీ అంతే. అక్కడున్న సూచన నిదానంగా చదివితే తెలిసింది: చిరునామా మొత్తం పెట్టకూడదు, బ్లాగు పేరు తీసేసి ఆ తర్వాత వచ్చే ఏటవాలు గీత దగ్గర్నుంచే ఇవ్వాలి. అలా చేస్తే తెరుచుకుంది. సాయంత్రానికి ఇరవైరెండు అయ్యాయి. మిగిలిన ఒక్కదాన్ని గ్రూపులో ఎప్పుడూ పెట్టలేదు కాబట్టి వదిలేశారు.

శనివారం డాక్టరు వెంగయ్య మందకు టీకాలు వేసి వెళ్లాడు. తర్వాత ఇంకేవీ చావలేదు. మర్నాడు రేణుకాదేవి అతనికి ఫోన్ చేసి, పాత లింకే మళ్లీ నొక్కి చూడమన్నారు.

"వచ్చిందమ్మా. అక్షరాలే మరీ చిన్నయిగా ఉండాయి."

ఆమె అక్షరాలు పెద్దవి చేసే పని మొదలుపెట్టారు. ఈసారి ముందుగా గ్రూపులో చెప్పారు.